అవుట్‌బోర్డ్ వేడెక్కిపోతోంది: ఇంపెల్లరేనా, ఇంకేమైనా చూడాలా?

ఏటిగట్టు
పాత 6 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే మోటర్) ఒకటి చేతికొచ్చింది. సింగిల్ సిలిండర్, నీళ్ళతో చల్లబడే రకం. ముందు వాడినాయన ఉప్పునీళ్ళలోనే తిప్పేవాడట. వాడాక మంచినీళ్ళతో కడిగిన దాఖలా అయితే కనిపించడం లేదు. స్టార్ట్ చేస్తే పక్కన చిమ్మాల్సిన ధార సన్నగా, తెగుతూ తెగుతూ వస్తోంది. సగం థ్రాటిల్‌లో కాసేపు నడిపితే ఆ నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. పై కవర్ తీస్తే పెయింట్ కాలుతున్న వాసన. ఈ మోడల్‌కి వేడెక్కితే మోగే అలారం లేదు. తెలిసిన మెకానిక్ చూడకుండానే ఫోన్లో "ఇంపెల్లర్ (నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) పోయింది, మార్చేయ్" అన్నాడు. నిజంగా అదేనా? విప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

రెంచ్‌రాజా
ఇంపెల్లరే. ఆలోచించడానికేమీ లేదు. లోయర్ యూనిట్ (ప్రొపెల్లర్, గేర్లు ఉండే కింది భాగం) దించి కొత్తది వేసేయండి.

పాతమోటర్
ఇంపెల్లర్ కావచ్చు, కాకపోనూవచ్చు. నీళ్ళు ఏ దారిన పోతాయో ఆ దారి వెంట వెతుక్కుంటూ వెళ్ళాలి. లేకపోతే కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా వేడి అలాగే ఉంటుంది, అప్పుడు ఏం చేయాలో తోచదు.

ప్రొపెల్లర్‌కి పైన, గేర్‌కేస్ పక్కల సన్నటి చీలికలతో జాలీ ఉంటుంది. నీళ్ళు లోపలికి పోయేది అందులోంచి. గేర్‌కేస్ నెత్తిన పంపు. ఇంపెల్లర్ డ్రైవ్ షాఫ్ట్‌కే కూర్చుని ఉంటుంది కాబట్టి గేర్ వేసినా వేయకపోయినా ఇంజన్ తిరిగినంతసేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది. అది తోసిన నీళ్ళు నిలువు గొట్టం గుండా పైనున్న ఇంజన్‌కి, అంటే పవర్‌హెడ్‌కి ఎక్కి, ఎగ్జాస్ట్ చుట్టూ, సిలిండర్ చుట్టూ తిరిగి, థర్మోస్టాట్ (తగినంత వేడెక్కాకే తెరుచుకుని నీళ్ళు వదిలే వాల్వ్) తెరుచుకుంటే దాన్ని దాటి, పొగతో కలిసి కిందికి పోతాయి. బయట మీకు కనిపించే ధార ఆ నీళ్ళలోంచి పక్కకు లాగిన ఒక చిన్న పాయ, అంతే.

విప్పకుండా చూడగలిగేవి ముందు చూడండి. జాలీలో నాచు, ప్లాస్టిక్, గుల్లలు ఉన్నాయేమో. తర్వాత ధార వచ్చే నాజిల్. కవర్ కింద ఆ నాజిల్‌కి వచ్చే సన్నటి రబ్బరు పైపు ఉంటుంది, దాన్ని నాజిల్ దగ్గర ఊడబీకి, చివర బయటికి పెట్టి ఇంజన్ ఆడించండి. పైపులోంచి నీళ్ళు బలంగా వస్తే అడ్డం నాజిల్‌లోనే. అక్కడా సన్నగానే వస్తే ఇంకా కిందికి వెళ్ళాలి.

నీటికాకి
పాతమోటర్ గారు చెప్పిన నాజిల్ సంగతి చాలామంది పట్టించుకోరు. షెడ్డులో కొన్ని నెలలు పెట్టిన మోటర్లలో మట్టిగూళ్ళు కట్టే కందిరీగ ఆ రంధ్రంలోకి దూరి గూడు కట్టేస్తుంది. మా బాబాయి మోటర్‌కి ఇలాగే అయింది. ధార చుక్క రావడం లేదని లోయర్ యూనిట్ దించబోయాడు, ఒక సన్నటి తీగ పెడితే మట్టి ఉండలు ఉండలుగా రాలింది.

రెంచ్‌రాజా
సరే, నాజిల్ చూడండి, కాదనను. కానీ సెకండ్ హ్యాండ్ మోటర్ కొన్నప్పుడు పంపు కిట్ ఎలాగూ మార్చాల్సిందే. ఎప్పుడు మార్చారో, ఎన్నిసార్లు నీళ్ళు లేకుండా ఆడించారో ఎవరికి తెలుసు? నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం తిరిగితే చాలు, ఆ రబ్బరు రెక్కలు రాపిడికి మాడిపోతాయి. వాటికి నీళ్ళే లూబ్రికేషన్. "స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అని ఎండు నేల మీద తాడు లాగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

లంగరు
ఇద్దరూ చెప్పింది నిజమే, ముందూ వెనకా చూసుకోవాలంతే. ఒక్క మాట, నాజిల్‌లోకి ఇనుప తీగ గట్టిగా పొడవకండి. చాలా మోటర్లలో అది ప్లాస్టిక్ ఎల్బో, లోపల వంపు దగ్గర చిల్లు పడుతుంది. ఆ తర్వాత నీళ్ళు కవర్ లోపలే చిమ్మి కరెంటు వైర్లని తడుపుతాయి. చేపల గాలానికి కట్టే నైలాన్ దారంలో లావుపాటిది తీసుకోండి. అదే సరిగ్గా వంగుతుంది.

ఏటిగట్టు
నైలాన్ దారంతో పొడిచాను. నీటికాకి గారన్నట్టే ఎండిన మట్టి వచ్చింది, దాంతో పాటు తెల్లటి పెచ్చులు కూడా. ఇప్పుడు ధార జోరుగా, అడుగు దూరం చిమ్ముతోంది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, చెయ్యి పెట్టగలుగుతున్నాను. సంతోషపడేలోపే కవర్ తీసి చూస్తే సిలిండర్ హెడ్ దగ్గర వేడి మాత్రం తగ్గలేదు. నీటి చుక్క వేస్తే చుయ్‌మంటోంది.

తెడ్డు
ధార జోరుగా వస్తుంటే ఇంకేం టెన్షన్? నీళ్ళు తిరుగుతున్నట్టే కదా. నేనైతే ధార చూసి బయల్దేరడమే.

పాతమోటర్
@తెడ్డు ఇక్కడే చాలామంది మోటర్లు పాడుచేసుకుంటున్నారు. చాలా మోడళ్ళలో ఆ ధారను థర్మోస్టాట్‌కి ముందే పక్కకు తీస్తారు. అంటే ధార జోరుగా ఉంటే పంపు నీళ్ళు పైకి ఎక్కిస్తోందని మాత్రమే అర్థం. ఎక్కిన నీళ్ళు హెడ్ చుట్టూ తిరిగి బయటికి పోతున్నాయా లేదా అన్నది ధార చెప్పదు. థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయినా, హెడ్ లోపలి దారులు ఉప్పుతో పూడిపోయినా ధార మాత్రం హాయిగా చిమ్ముతూనే ఉంటుంది.

తిరగేసి చూసినా అంతే. ధార రాకపోతే వెంటనే పంపు పోయినట్టు కాదు, నాజిల్ మూసుకుపోయినా రాదు. మీరే చూశారుగా. ధార రావడం అవసరం, కానీ అది ఒక్కటీ చాలదు.

ఏటిగట్టు గారూ, చుక్క చుయ్‌మంటోందంటే అక్కడ 100 డిగ్రీలు దాటినట్టే. ఇక దాన్ని నడపకండి. నా అనుమానం థర్మోస్టాట్ మీద.

కొలతలబాబు
చుక్కలు వేసి చూడటం ఎందుకు, చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి. కాకపోతే మెరిసే అల్యూమినియం మీద నేరుగా గురిపెడితే తక్కువ చూపిస్తుంది. స్పార్క్ ప్లగ్ పక్కన హెడ్ మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి, దాని మీదికి దగ్గరగా గురిపెట్టండి. లేదంటే నల్ల మార్కర్‌తో రుద్దినా చాలు.

చిన్న అవుట్‌బోర్డ్‌లలో థర్మోస్టాట్ సాధారణంగా 50-60 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటుంది. కార్లలో అయితే 80-90. తేడా ఎందుకంటే కారులో తిరిగేది అదే కూలెంట్, ఇక్కడ వచ్చేది బయటి నీళ్ళు. ఉప్పునీళ్ళు వేడెక్కేకొద్దీ అందులోని కాల్షియం లవణాలు గోడలకు పట్టి గడ్డకడతాయి, అందుకే తక్కువ వేడిలోనే తిప్పి పంపేస్తారు. చూడాల్సింది ఏమిటంటే, వేడి ఎక్కి ఎక్కి ఒకచోట నిలబడిందా, లేక ఆగకుండా ఎక్కుతూనే ఉందా. ఎక్కుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి.

నీటికాకి
మొత్తానికి మోటర్‌కి జ్వరం చూసే ఏర్పాటు అన్నమాట 😄

రెంచ్‌రాజా
థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే తీసి పక్కన పడేసి మూత బిగించేయండి. నీళ్ళు అడ్డం లేకుండా పోతాయి. నాకు తెలిసి పడవలు రోజూ తిప్పేవాళ్ళలో సగం మంది అలాగే నడుపుతున్నారు.

కొలతలబాబు
@రెంచ్‌రాజా ఇది మాత్రం ఒప్పుకోను. ఏటిగట్టు గారిది ఫోర్ స్ట్రోక్. చల్లటి నీళ్ళు ఆగకుండా తిరుగుతుంటే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. పూర్తిగా మండని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, పెట్రోలు వాసన కొడుతుంది. పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు ఎన్నాళ్ళు ఉంటాయి? ప్లగ్ నల్లగా మసిబారడం, ఐడిల్‌లో ఆగిపోవడం ఇవన్నీ దాని వెనకే వస్తాయి.

రెంచ్‌రాజా
టూ స్ట్రోక్‌లలో ఆయిల్ గొడవ లేదుగా. నేను ఎక్కువ చూసింది అవే.

కొలతలబాబు
ఆయిల్ గొడవ లేదు నిజమే, ప్లగ్ మసి గొడవ ఉంది. ఒడ్డుకి చేరడానికి అప్పటికప్పుడు తీసేసి నడపడం వేరు, దాన్నే పద్ధతిగా పెట్టుకోవడం వేరు. కొత్త థర్మోస్టాట్ దొరికేదాకా ఓపిక పడితే సరిపోతుంది.

పాతమోటర్
ఇద్దరూ ఆగండి, అది నిజంగా బిగుసుకుందో లేదో చూడకుండానే పోట్లాడుకుంటున్నారు. థర్మోస్టాట్ బయటికి తీశాక పరీక్ష చాలా తేలిక. దాని వాల్వ్ సందులో ఒక సన్నటి దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెలోని నీళ్ళలో వేలాడదీయండి, గిన్నె అడుగుకి తగలకుండా. పక్కన ఒక థర్మామీటర్. స్టవ్ మీద నెమ్మదిగా వేడి చేస్తుంటే వాల్వ్ తెరుచుకున్న క్షణంలో దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ ఎంత చూపిస్తే అదే అది తెరుచుకునే వేడి. చాలావాటి మీద అంకె కొట్టి ఉంటుంది, దాంతో పోల్చుకోండి. తర్వాత తీసి చల్లార్చి పూర్తిగా మూసుకుంటోందో లేదో కూడా చూడాలి. తెరిచి బిగుసుకున్నది కూడా చెడిపోయినట్టే.

ఏటిగట్టు
థర్మోస్టాట్ మూతకి ఉన్న బోల్టుల్లో ఒకటి వచ్చింది, రెండోది కదలడం లేదు. స్పానర్ మీద ఇంకాస్త బలం పెడితే తల తెగేలా ఉంది. ఏం చేయాలి?

లంగరు
ఆగండి, బలం పెట్టకండి! ఈ ఒక్క విషయంలో ఎంత ఓపిక పడితే అంత లాభం. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీళ్ళు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. ఆ తెల్లటి పొడి మరల సందుల్లో ఉబ్బి బోల్టుని పట్టేస్తుంది. తల తెగిందంటే డ్రిల్ వేసి, కొత్త మరలు కోయించి, పెద్ద పని.

తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి ఒక రాత్రంతా వదిలేయండి. మర్నాడు బోల్టు తల మీద చిన్న సుత్తితో నిటారుగా టకటకా కొట్టండి, గట్టిగా కాదు, లోపల అదురు పుట్టేలా. మళ్ళీ ఆయిల్. తర్వాత హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. పోసిన ఆయిల్ తుడిచి, పెట్రోలు ట్యాంకు, పైపు దూరంగా పెట్టాకే వేడి చేయాలి, మంట మాత్రం వద్దే వద్దు. విప్పేటప్పుడు ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పే వైపు. కదిలిందంటే ఒకేసారి తీసేయకుండా ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీయండి.

తిరిగి బిగించేటప్పుడు మరలకి మెరైన్ గ్రీజు పూయండి. తర్వాత విప్పేవాళ్ళు మీకు దండం పెడతారు.

ఏటిగట్టు
లంగరు గారూ, వచ్చేసింది! వేడి చేశాక "టిక్" అని చిన్న శబ్దం, ఆ తర్వాత మెల్లగా తిరిగింది. మూత ఎత్తితే లోపల థర్మోస్టాట్ కనిపించనే లేదు. బూడిదరంగు ఉప్పు పెంకు ఒకటి దాని మీద మొత్తం పరుచుకుని ఉంది, స్ప్రింగు చుట్టల మధ్య సందులన్నీ నిండిపోయాయి. గోటితో గీస్తే రాలడం లేదు. స్క్రూడ్రైవర్ మొనతో అంచు లేపితే పెచ్చుగా ఊడింది. నీళ్ళు పోవాల్సిన పక్క రంధ్రం పెన్సిల్ మొన పట్టేంత మిగిలింది. దారం పరీక్ష కూడా చేశాను. నీళ్ళు తెర్లుతున్నా దారం జారలేదు.

రెంచ్‌రాజా
ఇంత ఉప్పు పట్టిందంటే హెడ్ లోపలి దారుల్లో కూడా ఉంటుంది. కొత్త థర్మోస్టాట్ వేస్తే సగం పనే అయినట్టు. బాత్రూమ్ యాసిడ్ నీళ్ళలో కలిపి పోస్తే పది నిమిషాల్లో మెరిసిపోతుంది.

కొలతలబాబు
వద్దు! బాత్రూమ్ కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది ఉప్పు పెంకుతో పాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది, పైగా ఆ చర్యలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది. సన్నటి గోడలున్న చిన్న ఇంజన్‌కి అది చావుదెబ్బ.

పాతమోటర్
కొలతలబాబుతో వంద శాతం ఏకీభవిస్తాను. తెల్ల వెనిగర్ గానీ, నీళ్ళలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ సరిపోతాయి. అవీ యాసిడ్లే, కాకపోతే నెమ్మదిగా పనిచేస్తాయి. థర్మోస్టాట్ గూడులోకి సన్నటి గరాటుతో పోసి నింపితే బుడగలు లేస్తాయి. అరగంట ఆగి, మంచినీళ్ళు ఎదురు దిశలో, అంటే పైనుంచి కిందికి పైపుతో తోయండి. కింద ఏం పడుతోందో చూడండి. బుడగలు రావడం ఆగేదాకా ఇలా మళ్ళీ మళ్ళీ చేయాలి. రాత్రంతా నానబెట్టి మర్చిపోవద్దు, చివర్లో పుష్కలంగా మంచినీళ్ళతో కడగాలి. మొండికేస్తే అవుట్‌బోర్డ్‌ల కోసమే అమ్మే ఉప్పు కరిగించే ద్రావణాలు ఉన్నాయి, వాటి డబ్బా మీద రాసిన పద్ధతి పాటించండి.

మూత కింద పాత గ్యాస్కెట్‌ని మళ్ళీ వేయకండి, కొత్తదే వేయాలి. కొన్ని ఇంజన్లలో లోపల కూడా చిన్న యానోడ్ ఉంటుంది. మాన్యువల్ చూసి ఉంటే తీసి చూడండి, సగానికి పైగా అరిగి ఉంటే మార్చేయండి. ఇంజన్ బదులు తాను కరగడమే దాని పని. దాని మీద ఎవరైనా పెయింట్ వేసి ఉంటే అది పనిచేయనట్టే లెక్క.

కొత్తపడవ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది హోండా 2.3 హెచ్‌పీ. ఎంతసేపు నడిపినా నీటి ధారే రాదు. ఇదంతా చదివాక గుండె జారింది. విప్పాలా?

నీటికాకి
@కొత్తపడవ మీది గాలితో చల్లబడే మోటర్ అండీ! దానికి నీటి పంపే లేదు, ధార ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రశాంతంగా పడుకోండి. మీరు చూసుకోవాల్సింది కవర్‌కి గాలి వెళ్ళే సందులు, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలు. దుమ్ము, ఎండుటాకులు, పిట్టగూళ్ళు లేకుండా ఉంటే చాలు.

కొత్తపడవ
హమ్మయ్య. థాంక్స్ అండీ.

ఏటిగట్టు
వెనిగర్ మూడు విడతలు పోశాక బుడగలు ఆగాయి. కొత్త థర్మోస్టాట్, గ్యాస్కెట్ వేశాను. ఎలాగూ విప్పాను కాబట్టి రెంచ్‌రాజా గారి మాట ప్రకారం పంపు కిట్ కూడా వేద్దామనుకుంటున్నాను. లోయర్ యూనిట్ దించేటప్పుడు జాగ్రత్తలు ఏమిటి?

రెంచ్‌రాజా
ఇప్పుడు నా సబ్జెక్టులోకి వచ్చారు.

మొట్టమొదట ప్లగ్ క్యాప్ ఊడదీయండి. షాఫ్ట్ తిప్పుతుంటే పొరపాటున ఇంజన్ అందుకుందంటే వేళ్ళు పోతాయి. మాన్యువల్‌లో చెప్పిన గేర్‌లో పెట్టి గేర్ రాడ్ జాయింట్ విప్పండి. విప్పేముందు ఆ జాయింట్ ఎన్ని మరలు లోపలికి ఉందో ఫోటో తీసుకోండి, తిరిగి బిగించాక గేర్లు సరిగ్గా పడటం దాని మీదే ఆధారపడి ఉంటుంది. బోల్టులు తీసి లోయర్ యూనిట్‌ని నిటారుగా కిందికి లాగండి. పక్కకు వంచి లాగితే నీటి గొట్టం వంగుతుంది.

పంపు పై గిన్నె తీసేటప్పుడు ఇంపెల్లర్ ఎటు వంగి ఉందో చూడండి. షాఫ్ట్‌కీ ఇంపెల్లర్‌కీ మధ్య అర్ధచంద్రాకారంలో చిన్న కీ ఉంటుంది, గోరంత. అది ఎగిరి గడ్డిలో పడిందంటే ఆ రోజు పని అయిపోయినట్టే. కింద గుడ్డ పరిచి కూర్చోండి. అది లేకుండా బిగిస్తే షాఫ్ట్ తిరుగుతుంది గానీ ఇంపెల్లర్ తిరగదు.

ఇంపెల్లర్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోకండి. ఇసుక నీళ్ళలో తిరిగిన మోటర్‌కి లోపలి స్టీలు గిన్నె మీద, అడుగు ప్లేటు మీద గాళ్ళు పడతాయి. గోరు పెట్టి గీస్తే తగులుతోందా, ఆ రెండూ కూడా మార్చండి. లేదంటే కొత్త రెక్కలు కూడా ఆ గాళ్ళ దగ్గర నీళ్ళు వదిలేస్తాయి. అరిగిన పంపుని గుర్తుపట్టడం ఎలాగంటే, ఐడిల్‌లో ధార నీరసంగా ఉండి రేజ్ చేస్తే బలపడుతుంది. ఐడిల్‌లో బాగుండి స్పీడులో తగ్గిపోతే జాలీ దగ్గర అడ్డమో, ఎక్కడో గాలి పీల్చుకోవడమో చూడాలి.

ఎక్కించేటప్పుడు గిన్నె లోపల సబ్బు నీళ్ళు గానీ గ్లిజరిన్ గానీ రాయండి. పెట్రోలియం గ్రీజు రబ్బరుకి పడదు. షాఫ్ట్‌ని పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపుకి తిప్పుతూ గిన్నెని నెమ్మదిగా కిందికి నొక్కితే రెక్కలు వాటంతట అవే సరైన వైపు మడుచుకుంటాయి. ఆ తర్వాత వెనక్కి తిప్పకండి.

షాఫ్ట్ పళ్ళకి పక్కల గ్రీజు పూయండి, నెత్తి మీద మాత్రం పెట్టకండి. అక్కడ గ్రీజు ఉంటే క్రాంక్ రంధ్రంలో ఇరుక్కుని షాఫ్ట్ పూర్తిగా కూర్చోదు, బోల్టులతో లాగి బిగిస్తే లోపల దెబ్బతింటుంది. చివరిగా నీటి గొట్టం పంపు రబ్బరు బుష్‌లోకి దిగిందో లేదో టార్చి వేసి చూడండి. గొట్టం పక్కకు పోయినా పైకి అంతా బాగా బిగిసినట్టే కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం పైకి చేరవు.

పాతమోటర్
రెంచ్‌రాజా గారూ, ఈ పోస్ట్ ఒక్కటీ దాచుకోదగ్గది. యాసిడ్ విషయంలో మీతో ఏకీభవించకపోయినా ఇందులో వేలు పెట్టడానికి ఏమీ లేదు.

నీటికాకి
ఒక్కటి కలుపుతాను. పాత ఇంపెల్లర్ బయటికి వచ్చాక రెక్కలు లెక్కపెట్టండి. రెక్క తెగిపోయి ఉంటే ఆ ముక్క ఎక్కడికీ పోలేదు, పైన ఏదో దారిలో ఇరుక్కునే ఉంటుంది. మా స్నేహితుడి మోటర్‌కి కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా వేడి తగ్గలేదు. నీటి గొట్టంలోకి పైనుంచి కిందికి గాలి కొడితే చిటికెన వేలి గోరంత నల్ల రబ్బరు ముక్క బయటపడింది. తెగిన రెక్కకి ఆ ముక్క పెట్టి చూసి, మొత్తం దొరికాక గానీ బిగించలేదు.

ఏటిగట్టు
విప్పాను. రెక్కలు అన్నీ ఉన్నాయి, కానీ రబ్బరు గట్టిపడి ఒకవైపు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి. వేలితో నిటారుగా లేపి వదిలితే మళ్ళీ వంగడానికి చాలాసేపు పట్టింది, ఒకదాని మొదట్లో సన్నటి పగులు. గిన్నె మీద గాళ్ళు గోటికి తగులుతున్నాయి. అన్నీ కొత్తవి వేశాను. ఇప్పుడు పరీక్షించడానికి ఇయర్‌మఫ్స్ (జాలీ మీద కప్పి నీళ్ళ పైపు బిగించే రబ్బరు కప్పులు) వాడాలా, నీళ్ళ డ్రమ్ములో పెట్టాలా?

తెడ్డు
మఫ్స్ వాడండి, రెండు నిమిషాల పని. ముందు నీటి కుళాయి తిప్పి ఆ తర్వాత ఇంజన్, ఆపేటప్పుడు ముందు ఇంజన్ ఆ తర్వాత కుళాయి. ప్రొపెల్లర్ తీసేయడం మర్చిపోవద్దు.

లంగరు
చిన్న మోటర్లలో కొన్నిటికి జాలీ మఫ్స్ కప్పు అతుక్కునే చోట ఉండదు. కావిటేషన్ ప్లేట్ (ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఉండే పలక) అడుగునో, ఇంకెక్కడో అదనంగా రంధ్రాలుంటాయి, అక్కణ్ణుంచి గాలి పీలుస్తుంది. అలాంటివాటికి డ్రమ్మే దారి. పంపు మునగాలి కాబట్టి నీటి మట్టం కావిటేషన్ ప్లేట్‌కి నాలుగైదు అంగుళాలు పైన ఉండేలా నింపండి. డ్రమ్ము ఆరుబయటే పెట్టండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మూసిన షెడ్డులో ప్రాణాల మీదికి వస్తుంది.

కొలతలబాబు
డ్రమ్ములో ఇంకో చిక్కు. ఎగ్జాస్ట్ అందులోకే పోతుంది కాబట్టి డ్రమ్ములో నీళ్ళే మెల్లగా వేడెక్కుతాయి. ఎక్కువసేపు ఆడిస్తే కొలత తప్పుగా కనిపిస్తుంది. ఒక పైపుతో చల్లటి నీళ్ళు పోస్తూ, పైనుంచి పొర్లిపోనివ్వండి. ఉప్పు కడిగేటప్పుడు కూడా అదే పద్ధతి, పది పదిహేను నిమిషాలు ఆడించాలి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కకపోతే మంచినీళ్ళు హెడ్ దాకా సరిగా చేరవు, కడిగినట్టే ఉంటుంది గానీ లోపలి ఉప్పు లోపలే ఉంటుంది. కొన్ని మోడళ్ళకి పైపు నేరుగా బిగించే ఫ్లషింగ్ పోర్టు ఉంటుంది, వాటిలో చాలావాటిని ఇంజన్ ఆపే వాడాలి. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి.

ఏటిగట్టు
డ్రమ్ములో పెట్టి, చల్లటి నీళ్ళు పోస్తూ ఆడించాను. నల్ల టేపు మీద గురిపెట్టి చూస్తే 64 దాకా ఎక్కి, ఒకసారి 58కి దిగి, ఆ తర్వాత 61-63 మధ్య నిలబడిపోయింది. దిగిన ఆ క్షణంలో థర్మోస్టాట్ తెరుచుకుందని తెలిసిపోయింది, భలే సంతోషమేసింది. కొత్త థర్మోస్టాట్ మీద 60 అని ఉంది. నీళ్ళలో లోడు మీద రేపు చూస్తాను.

పాతమోటర్
అద్భుతం. లోడు మీద డ్రమ్ములో కంటే కాస్త ఎక్కువ చూపించినా కంగారు పడొద్దు, నిలబడితే చాలు. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా చూడండి. ఇదివరకు బాగా వేడెక్కిన ఇంజన్ కాబట్టి హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉంటే నీళ్ళు కలిసి ఆయిల్ తెల్లగా నురగలా కనిపిస్తుంది. కుదిరితే కంప్రెషన్ కూడా ఒకసారి కొలిపించండి.

తెడ్డు
ఈ థ్రెడ్ చదివాక నేనూ థర్మామీటర్ తెప్పించుకున్నాను, ఇక ధార ఒక్కటే చూసి బయల్దేరను. నాదో ప్రశ్న. నీళ్ళ మధ్యలో ఉన్నప్పుడు ధార ఒక్కసారిగా ఆగిపోతే ఏం చేయాలి? ఒడ్డు దూరం, కెరటాలు ఉన్నాయి.

లంగరు
థ్రాటిల్ ఐడిల్‌కి తెచ్చి, పడవని సురక్షితంగా ఉంచుకుని ఇంజన్ ఆపేయండి. లంగరు వేయగలిగితే వేసేయండి. మోటర్ పైకి ఎత్తి జాలీ చూడండి, తొంభై శాతం ఏ ప్లాస్టిక్ సంచో, నాచు చుట్టుకోవడమో కనిపిస్తుంది. తీసేసి, నాజిల్‌లో దారం ఆడించి మళ్ళీ స్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే తెడ్డే గతి, మీ పేరే అది కదా 🙂 వేడెక్కిన హెడ్ మీద మాత్రం చన్నీళ్ళు గుమ్మరించొద్దు. ఒక్కసారిగా చల్లబడితే లోహం వంకరపోవడమో, పగలడమో జరుగుతుంది. దానంతట అదే చల్లారనివ్వాలి.

కెరటాల్లో, మలుపుల్లో మాత్రమే ధార తెగి మళ్ళీ వస్తుంటే పడవకి మోటర్ ఎత్తుగా బిగించి ఉందేమో చూసుకోండి. కావిటేషన్ ప్లేట్ పడవ అడుగు మట్టానికి సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. అంతకంటే పైన ఉంటే పంపు గాలి పీలుస్తుంది.

కొత్తపడవ
నీళ్ళతో చల్లబడే మోటర్ కొనుక్కుంటే ఇంపెల్లర్ ఎన్నాళ్ళకోసారి మార్చాలి? మా పక్కాయన ఏటా మారుస్తాడు, ఇంకొకరు ఆగిపోయేదాకా ముట్టుకోరు.

రెంచ్‌రాజా
మీ మాన్యువల్‌లో ఉన్న గంటలే లెక్క. చాలామంది ఏడాదికి ఒకసారి తీసి చూస్తారు, రెండేళ్ళకి బాగున్నా మార్చేస్తారు. ఇసుక, బురద నీళ్ళయితే ఇంకా ముందే. తక్కువ వాడినా రబ్బరు గట్టిపడుతుంది, ఏటిగట్టు గారి ఇంపెల్లర్ అలాంటిదే. మోటర్ ఊరికే ఉన్న నెలల్లో కూడా అప్పుడప్పుడూ డ్రమ్ములో పెట్టి కాసేపు ఆడించండి, రెక్కలు ఒకే వంపులో ఉండిపోకుండా ఉంటాయి. నిల్వ చేసేటప్పుడు ముందు నిటారుగా ఉంచి నీళ్ళన్నీ కారనివ్వండి, ఆ తర్వాతే పడుకోబెట్టండి, అదీ మాన్యువల్‌లో చెప్పిన పక్కకే. గడ్డకట్టే చలి ఉండే చోటైతే ఇది తప్పనిసరి. నీళ్ళు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, లోపల చిక్కుకుంటే అల్యూమినియం పగిలిపోతుంది.

ఏటిగట్టు
ఈరోజు నీళ్ళలో దించి నడిపాను. పూర్తి థ్రాటిల్‌లో 68 దగ్గర నిలబడింది, వాసన లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది. అందరికీ పేరుపేరునా థాంక్స్. పాత థర్మోస్టాట్ మీది ఉప్పు పెంకు ఫోటో కింద పెడుతున్నాను, ఉప్పునీళ్ళలో తిప్పి కడగనివాళ్ళకి చూపించండి.